చదివాం గానీ వినలేదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్లు కబురు పెట్టినప్పుడు మేము నలుగురం ఫోన్లో కలిసి మాట్లాడుకున్నాం. ఒకడు జ్ఞాపకాలు రాద్దామన్నాడు. సాంబారులో పప్పు వెతుక్కున్న సంగతి, సెకండ్ షోకి గోడ దూకిన సంగతి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఇంకో పదేళ్లయినా రాస్తారు. ఇంకొకడు అంబేద్కర్ గారి గురించి రాద్దామన్నాడు. ఆ పని మాకంటే బాగా చేసేవాళ్లు ఈ సంచికలోనే ఉంటారని ఊరుకున్నాం. మాటల్లో మాటగా, ఇన్నేళ్లుగా మాలో ఎవరమూ పైకి చెప్పుకోని ఒక విషయం బయటపడింది. అది ఇంగ్లీషు మాటలు తప్పుగా పలకడం గురించి. వినడానికి చిన్న విషయమే. కానీ దాని వల్ల మేము నోరు మూసుకుని కూర్చున్న సందర్భాలు లెక్కపెట్టుకుంటే, ఆ రాత్రి ఫోను పెట్టేసరికి పన్నెండయింది.

ముందే ఒక మాట. ఇది స్పోకెన్ ఇంగ్లీషు పాఠం కాదు. గ్రామరు తప్పుల గురించీ కాదు. పేపర్లోనో పుస్తకంలోనో కళ్లతో చూసి, అర్థం డిక్షనరీలో వెతికి, నోట్సులో రాసుకుని, వాక్యంలో వాడటం కూడా వచ్చాక, తీరా నోటితో పలికేసరికి నలుగురూ నవ్విన మాటల గురించి. అంటే మనకు తెలియని మాటల గురించి కాదు, బాగా తెలిసిన మాటల గురించే.

మాకు ఇంగ్లీషు ఎలా వచ్చిందో ఇప్పటి తమ్ముళ్లకు కొంచెం చెప్పాలి. ఊరి బడిలో పేరుకు ఏబీసీడీలు దిద్ది, ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి పట్టుకుని ఆరో తరగతిలో ఇక్కడ చేరాం. ఇంట్లో ఇంగ్లీషు వినిపించేది కాదు. బస్సు, రోడ్డు, కరెంటు, కలెక్టరు లాంటివి ఉండేవి గానీ అవి మాకు తెలుగు మాటలే. తెలుగులో రాసిందే చదువుతాం, చదివిందే రాస్తాం. క అంటే ఎక్కడ ఉన్నా క. ఒక అక్షరాన్ని రాసి, పలికేటప్పుడు దాన్ని పట్టించుకోకపోవడం అనే అన్యాయం మాకు తెలియదు. ఇంగ్లీషుకూ అదే న్యాయం ఉంటుందనుకున్నాం. పైగా స్పెల్లింగులు గుర్తుండటానికి తప్పు పలుకుళ్లు మేమే తయారు చేసుకున్నాం. బుధవారాన్ని వెడ్-నెస్-డే అనీ, టుగెదర్‌ను టు-గెట్-హర్ అనీ స్టడీ అవరులో వరండా అంతా మోగించేవాళ్లం. స్పెల్లింగు తప్పితే దెబ్బలు పడేవి. పలకడం తప్పితే ఎవరికీ తెలిసేది కాదు. పరీక్ష పేపరుకు చెవులుండవు కదా.

మా ఇంగ్లీషు సారు మంచి సారు. ఆయన కూడా ఏదో ఊరి హాస్టల్లో ఉండి చదువుకున్నవారే. డిఫైన్, కంబైన్ అన్నట్టుగానే డిటర్‌మైన్ అని చెప్పారు. మేమూ అలాగే అన్నాం. డిటర్మిన్ అనాలని తెలిసేసరికి మాకు పాతికేళ్లు వచ్చాయి. ఆయనను తప్పు పట్టడానికి మాకు మనసు రాదు. ఆయన కూడా ఆ మాటను చదివారే గానీ ఎవరి నోటా వినలేదు. ఒకరు చదివింది ఇంకొకరికి చెప్పుకుంటూ, మధ్యలో ఎక్కడా ఒక్క చెవి తగలకుండా, ఆ మాట మా దాకా వచ్చింది.

ఇక మిగతా ఇంగ్లీషంతా పేపరు పెట్టిన భిక్షే. వార్డెన్ సారు చదవడం అయ్యాక ఇంగ్లీషు పేపరు మధ్యాహ్నానికి మా చేతికి వచ్చేది. అట్ట ఊడిపోయిన శంకరనారాయణ డిక్షనరీ ఒకటి ఉండేది. ఎడిటోరియల్లో తెలియని మాటల కింద గీతలు గీసి, అర్థాలు వెతికి, రోజుకు పది మాటలు. కాస్మొటిక్ ఛార్జీలు వచ్చిన నెల అందులోంచి మిగుల్చుకుని నోటు పుస్తకం కొన్నవాళ్లం ఉన్నాం. (ఆ కాస్మొటిక్ అనే మాటను కుక్కు, కామాటి, వార్డెన్, పై ఆఫీసరు అందరూ కాస్మోటిక్ అనే అనేవారు. అందరూ ఒకేలా అన్నారు కాబట్టి ఎవరికీ సిగ్గు వేయలేదు.) అలా ఇంటర్ పూర్తయ్యేసరికి మా నోటు పుస్తకాల్లో వెయ్యికి పైగా మాటలు పోగయ్యాయి. వాటిలో నోటితో పలికి చూసినవి పదో పదిహేనో.

ఇక్కడే మాకు ఈమధ్య తెలిసి వచ్చిన సంగతి ఒకటుంది. డౌటు అనే మాట తీసుకోండి. ఊళ్లో గొర్రెలు కాసే తాత కూడా నాకో డౌటు అంటాడు. ఎవరూ డౌబ్ట్ అనరు. కానీ దాని స్పెల్లింగులో బి ఉంది. అలాగే అప్పు అనే అర్థం ఉన్న డెట్ అనే మాటలోనూ బి ఉంది. దాన్ని మేమంతా డెబ్ట్ అన్నాం. ఒకే అక్షరం, ఒకే చోట, ఒకే రకంగా నోరు మూసుకుని కూర్చున్న అక్షరం. ఒకదాన్ని సరిగ్గా పలికాం, ఇంకోదాన్ని తప్పాం. అలాగే ఆన్సర్. దాని మధ్యలో డబ్ల్యూ ఉంది. మొదటి రోజు నుంచీ సారు నోట ఆన్సర్ అని విన్నాం కాబట్టి ఆన్స్వర్ అన్నవాడు ఒక్కడూ లేడు. కత్తికి ఇంగ్లీషు మాటలో కూడా అదే డబ్ల్యూ. దాన్ని పుస్తకంలో చూశామే గానీ ఎవరూ అనగా వినలేదు. అందుకే సోర్డ్ అనాల్సింది స్వోర్డ్ అన్నాం. మా తెలివి ఆన్సర్ దగ్గర ఎక్కువై, సోర్డ్ దగ్గర తక్కువ కాలేదు. ఒకటి చెవి గుండా వచ్చింది, ఇంకోటి కంటి గుండా వచ్చింది. అంతే తేడా. ఈ తేడా తెలియక మేము పదేళ్లు మమ్మల్ని మేమే మొద్దులమనుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. 2003లో మాలో ఒకడు హైదరాబాదులో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాడు. ఆ నలుగురిలో ఎవడో ఇక్కడ చెప్పం. సెమినార్‌కి పత్తి రైతుల అప్పుల మీద పేపరు రాశాడు. మూడు నెలలు కష్టపడ్డాడు. లైబ్రరీలో రిపోర్టులు చదివాడు, సెలవుల్లో మా ఊళ్లకే వచ్చి ఎవరికి ఎంత బాకీ ఉందో, వడ్డీ నూటికి రెండా, మూడా, ప్రోనోటు ఎవరి పేరు మీద రాశారో రాసుకుపోయాడు. అప్పు అంటే ఏమిటో వాడికి ఏ యూనివర్సిటీ నేర్పనక్కర్లేదు. వాడి అక్క పెళ్లికి తెచ్చిన బాకీ వాడు డిగ్రీకి వచ్చేదాకా తీరలేదు.

పేపరు చదవడానికి లేచాడు. మొదటి వాక్యంలోనే డెబ్ట్ అన్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో వాక్యంలో ఇండెబ్టెడ్‌నెస్. ముందు వరస కూడా నవ్వింది. వాడికి ఎందుకో అర్థం కాలేదు. చొక్కా గుండీ ఊడిందేమోనని చూసుకున్నాడట. పేపరు నిండా ఆ మాటే. చదివిన ప్రతిసారీ నవ్వు. చివరికి ప్రొఫెసర్ గారు, ఆయన మంచివారే, నవ్వు ఆపుకుంటూ బి సైలెంట్ అన్నారు. వాడు అప్పటికి చివరి పేజీలో ఉన్నాడు. ప్రశ్నలు అడగమంటే ఎవరూ వడ్డీ గురించి అడగలేదు, పత్తి గురించి అడగలేదు. పేపరు బాగుందని ఒకరిద్దరు అన్నారు. అంతటితో అయిపోయింది.

ఇది జరిగిన సంగతి మాకు అప్పుడే తెలుసు. తెలియనిది ఆ తర్వాతది. వాడు ఆ రోజు నుంచి ఆ మాటే మానేశాడు. డెట్ అనడం నేర్చుకున్నాడు గానీ నోటికి రానివ్వలేదు. ఎక్కడ అవసరమైనా లోన్ అన్నాడు. లోన్ అంటే తప్పు పలకడానికి ఏమీ లేదు కదా. కానీ లోన్ అంటే ఇచ్చి పుచ్చుకున్న డబ్బు. ఇండెటెడ్‌నెస్ అంటే మనిషి అప్పులో మునిగి ఉన్న స్థితి. ఒకదాని బదులు ఒకటి వాడితే ఎకనామిక్స్‌లో కుదరదు. వైవాలో ఎగ్జామినర్ ఇదే అడిగారు. నువ్వు రాసిన దానికీ చెప్పేదానికీ పొంతన లేదు, ఈ తేడా నీకు తెలుసా అని. తెలుసు. తెలిసీ, ఆ మాట గొంతు దాటక, మాట్లాడకుండా నిలబడ్డాడు. మార్కులు తగ్గాయి. ఎంఫిల్‌కి దరఖాస్తు పెట్టనేలేదు. ఇరవై ఏళ్లు దాటాక, మొన్న ఫోన్లో, నవ్వుతూనే చెప్పాడు. మేము మాత్రం నవ్వలేకపోయాం.

అప్పుడు మిగతా ముగ్గురమూ మా మా చిట్టాలు విప్పాం. మాలో ఒకడు బ్యాంకులో పని చేస్తాడు. మార్ట్‌గేజ్ అనాలో మార్గిజ్ అనాలో తేలక, పదిహేనేళ్లుగా కస్టమర్లతో తాకట్టు అనే అంటున్నాడు. (తెలుగు బతికింది, అది వేరే విషయం.) ఇంకొకడు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. హైపర్బలీ అనే మాటను హైపర్‌బోల్ అనుకుంటూ పెరిగాడు. అది కాదని తెలిసింది గానీ ఏమిటో తేలేలోపు ఆ పాఠం వచ్చింది. బోర్డు మీద రాసి, పిల్లలవైపు తిరిగి, చదవండి అన్నాడు. పిల్లలు తలా ఒక రకంగా చదివారు. వెరీ గుడ్ అని ముందుకు పోయాడు. మూడోవాడు క్యూలో నిలబడ్డప్పుడల్లా ఆ స్పెల్లింగు చూసి ఇన్ని అక్షరాలు దేనికని ఇప్పటికీ తిట్టుకుంటాడు.

నోటు పుస్తకంలో వెయ్యి మాటలు పోగేసినవాళ్లం, జీవితంలో మాట్లాడింది మాత్రం పలకడం తెలిసిన రెండు మూడు వందల మాటలతోనే. ఇంటర్వ్యూల్లో మాకు ఇంగ్లీషు రాదనుకున్నారు. అసలు సంగతి అది కాదు. వచ్చిన ఇంగ్లీషును దాచుకుని, చిన్న చిన్న మాటలతో సరిపెట్టుకున్నాం.

పోనీ ఆ స్పెల్లింగులైనా ధర్మంగా ఉన్నాయా? డెట్ అనే మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అందులో బి లేదు. దాని మూలం లాటిన్‌లో డెబిటుమ్ అని తర్వాతి పండితులు గుర్తు చేసుకుని, తమ చదువు కనిపించేలా మధ్యలో బి ఇరికించారు. పలికేవాళ్లు మాత్రం పాత పద్ధతిలోనే పలికారు. డౌట్‌లో బి కూడా అలా వచ్చిందే. ఐలాండ్‌లో ఎస్ కూడా అంతే, దానికైతే లాటిన్ సంబంధం కూడా లేదు, పొరపాటున పెట్టారు. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చు యంత్రం పెట్టాడు. ఆ తర్వాత స్పెల్లింగులు మెల్లగా ఒక చోట నిలిచిపోయాయి, పలకడం మాత్రం మారుతూ పోయింది. నైఫ్‌లో కె ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. సోర్డ్‌లో డబ్ల్యూని కూడా. అంటే మా స్వోర్డ్ అనేది తప్పు అనడం కంటే, కొన్ని వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చింది అనడం న్యాయం. బెర్నార్డ్ షా అంతటివాడు ఈ గందరగోళంతో విసిగిపోయి, ఇంగ్లీషుకు కొత్త అక్షరాలు తయారు చేయించమని వీలునామాలో డబ్బు రాసిపెట్టి 1950లో చనిపోయాడు. ఆ అక్షరాలతో ఆయన నాటకం ఒకటి 1962లో అచ్చయింది. అంతకుమించి ఏమీ జరగలేదు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు కూడా మిస్‌లెడ్ అనే మాటను పుస్తకంలో చూసి మైజిల్డ్ అని చదువుకుని, పెద్దయ్యాక నాలుక కరుచుకుంటారు. అది వాళ్లలో తరచూ చెప్పుకునే ముచ్చటే. తేడా ఏమిటంటే, వాళ్లు దాన్ని భోజనాల దగ్గర జోకుగా చెప్పుకుంటారు. మేము ఇరవై ఏళ్లు దాచుకున్నాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే అనేస్తాం. తెల్లదొరలు మన దేశానికి వచ్చి మన ఊళ్ల పేర్లు పలికినప్పుడు ఏం జరిగింది? కాకినాడ వాళ్ల నోట్లో కొకనాడ అయింది. ఏలూరు ఎల్లోర్ అయింది. మచిలీపట్నం మసులిపటం అయింది. రాజమహేంద్రవరం రాజమండ్రి అయి, 2015లో గానీ అధికారికంగా పాత పేరుకు రాలేదు. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ ఇవాళ్టికీ సి.సి.టి. అనే ఉంది. వాళ్లు తప్పు పలికితే అది రైల్వే బోర్డు మీదికి ఎక్కింది. మనవాడు ఒక బి ఎక్కువ పలికితే ఎంఫిల్ పోయింది. అధికారం ఉన్నవాడి తప్పు స్పెల్లింగు అవుతుంది, లేనివాడి తప్పు నవ్వులాట అవుతుంది అని మాలో ఒకడు కోపంగా అన్నాడు. వాడి కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపంతో ఇక్కడ ఆపేస్తే మేము ఒక నిజం దాచినవాళ్లమవుతాం.

ఎందుకంటే మేము కూడా నవ్వాం. అదీ ఈ హాస్టల్లోనే.

సెమినార్‌కు నాలుగేళ్ల ముందు, 1999 జూలై. కార్గిల్ యుద్ధం రోజులు. మేము డిగ్రీ మొదటి సంవత్సరం. ఆదివారం హాస్టల్ చూద్దామని వచ్చాం. కొత్త ప్యాంట్లు, చేతికి వాచీలు, పట్నం పోయి వచ్చిన దర్జా. సాయంత్రం హాజరు తీసుకున్నాక ఇంగ్లీషు పేపరు హెడ్డింగులు పైకి చదివే ఆనవాయితీ ఉండేది, సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు వంతు ఎనిమిదో తరగతి తమ్ముడిది. సన్నగా ఉండేవాడు, గొంతు మాత్రం ఖంగుమనేది. యుద్ధం వార్త చదువుతూ, కర్నల్ అనాల్సిన చోట అక్షరాలన్నీ నమ్మి కలొనెల్ అన్నాడు. మేము పగలబడి నవ్వాం. ఒకడు ఇంకోసారి చదవరా అన్నాడు. వాడు ఇంకోసారి చదివాడు. మళ్లీ నవ్వాం. మమ్మల్ని చూసి పదో తరగతి వాళ్లు నవ్వారు, వాళ్లను చూసి ఆరో తరగతి పిల్లలు కూడా నవ్వారు. వాళ్లకు ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. తెలిసిన మాకైనా ఎప్పటి నుంచి తెలుసు? ఆ మాట కర్నల్ అని మేము టీవీ వార్తల్లో విని సరిగ్గా వారం కూడా కాలేదు. అంతకు ముందు మేమూ కలొనెల్ వాళ్లమే. తెలుగు పేపర్లయితే ఇప్పటికీ కల్నల్ అని రాస్తాయి. ఆ మాట ఫ్రెంచి వాళ్ల దగ్గర పలుకుబడిని, ఇటలీ వాళ్ల దగ్గర స్పెల్లింగును తెచ్చుకుని రెండింటి మధ్యా ఉండిపోయిందట. ఎనిమిదో తరగతి పిల్లవాడు దాన్ని ఎలా ఊహిస్తాడు?

ఆ తమ్ముడు మళ్లీ పేపరు చదవడానికి ముందుకు రాలేదని తర్వాత విన్నాం. వంతు వచ్చినప్పుడల్లా గొంతు బాగాలేదనేవాడట. వాచ్‌మన్ పెద్దాయన ఒకసారి మాతో అన్నాడు, ఆ పిల్లగాడి గొంతు బాగుండేదయ్యా, ఇప్పుడు చదవడం లేదేం అని. మేము ఏమీ చెప్పలేదు. కొన్నేళ్ల క్రితం పూర్వ విద్యార్థుల కలయికలో వాడు కనబడ్డాడు. బాగానే స్థిరపడ్డాడు. ధైర్యం చేసి ఆ సంగతి ఎత్తాం. నాకు గుర్తులేదన్నా అన్నాడు. వెంటనే అన్నాడు, కొంచెం కూడా ఆలోచించకుండా. స్టేజీ మీద మాట్లాడమంటే మాత్రం రెండు నిమిషాలు మాట్లాడి దిగిపోయాడు.

అందుకే ఈ విషయంలో మాకు అవతలివాళ్ల మీద ఎంత కోపం ఉన్నా, ముందు మన వరండా గురించి మాట్లాడాలనిపించింది. యూనివర్సిటీ క్లాసులో ఎవరు నవ్వుతారో మన చేతిలో లేదు. మన హాస్టల్లో ఎవరు నవ్వుతారో మన చేతిలో ఉంది.

తప్పు పలికినా ఫరవాలేదు, అర్థమైతే చాలు అనే మాట కూడా మేము అనం. అలా అనేవాళ్లు సాధారణంగా సరిగ్గా పలకడం వచ్చినవాళ్లే. ఇంటర్వ్యూకి వెళ్లే తమ్ముడితో ఫరవాలేదు అని చెప్పి పంపడం మోసం. సరిగ్గా పలకడం నేర్చుకోవాల్సిందే. కాకపోతే ఏది నేర్చుకోవాలో తెలియాలి. 2000 తర్వాత కాల్ సెంటర్ల రోజుల్లో మేమూ అమీర్‌పేటలో ఫీజు కట్టి స్పోకెన్ ఇంగ్లీషుకు వెళ్లాం. అక్కడ వాటర్‌ను అమెరికా వాడిలా ఎలా అనాలో నలభై రోజులు నేర్పారు. డెట్‌లో బి పలకకూడదని చెప్పినవాడు లేడు. మన యాస మన యాసే. తమిళుడికీ ఒకటుంది, స్కాట్లండు వాడికీ ఒకటుంది. దాన్ని కడుక్కోవాల్సిన పని లేదు. కడుక్కున్నా పోదు.

నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో ప్రతి పెద్ద మాటలోనూ ఒక చోట గొంతు ఒత్తాలి. ఫోటోగ్రాఫ్‌లో మొదట ఒత్తుతారు, ఫోటోగ్రఫీలో రెండో ముక్క మీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడో ముక్క మీద. తెలుగులో ఈ బాధ లేదు. అందుకే మనం అన్నింటినీ ఒకే బరువుతో పలుకుతాం. 1969లో ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు బయటివారికి ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి రాసిన పుస్తకాన్ని మన హైదరాబాదులోని ఇంగ్లీషు సంస్థే వేసింది. 1958లో మొదలై, సీఫెల్‌గా పేరుబడి, ఇప్పుడు ఇఫ్లూ అని పిలుస్తున్నది అదే. మాట అర్థం కాకపోవడానికి ఈ ఒత్తు తప్పడం ఒక పెద్ద కారణమని అందులో తేల్చారు. ఆ సంస్థ ఉన్న ఊళ్లోనే మేము అయిదేళ్లు ఉన్నాం. ఈ ఒక్క ముక్క మాకు చెప్పినవాళ్లు లేరు.

మంచి డిక్షనరీల్లో మాట పక్కన రెండు ఏటవాలు గీతల మధ్య వింత గుర్తులు ఉంటాయి చూడండి. మేము వాటిని అచ్చు తప్పులేమో అనుకునేవాళ్లం. అవి ఆ మాట ఎలా పలకాలో చెప్పే అక్షరాలు. వాటి మధ్య పైన నిలబడ్డ చిన్న గీత ఉంటుంది, దాని తర్వాతి ముక్క మీద గొంతు ఒత్తాలి. ఆ గుర్తులు నలభై పైచిలుకు. పదిహేను రోజులు కూర్చుంటే వచ్చేస్తాయి. మేము ముప్పై ఏళ్లు దాటాక నేర్చుకున్నాం, మీకు అంత ఆలస్యం అక్కర్లేదు. ఇప్పుడైతే ఫోన్లో మాట కొట్టి స్పీకరు బొమ్మ నొక్కితే పలికి వినిపిస్తుంది. మన హాస్టల్లో పిల్లలకు ఫోన్లు లేవు, ఉండకపోవడమే మంచిదని వార్డెన్ సారు అంటారు. సరే, ట్యూటర్ దగ్గర ఉంది కదా. రోజూ స్టడీ అవరు చివర ఒక్క పది నిమిషాలు ఆ ఫోను మాటలకు ఇవ్వమని అడుగుతున్నాం.

2008లో సక్సెస్ స్కూళ్లతో హైస్కూళ్లలోకి ఇంగ్లీషు మీడియం వచ్చింది. తెలంగాణలో 2022 నుంచి సర్కారు బడులన్నింటికీ వచ్చింది. ఆంధ్రలో దాని మీద కోర్టుల దాకా గొడవ నడిచింది. మీడియం సంగతి పెద్దది, ఈ రెండు పేజీల్లో తేలేది కాదు. మేము చెప్పేది ఒకటే. పుస్తకం ఇంగ్లీషులోకి మారినంత మాత్రాన చెవికి ఇంగ్లీషు అందినట్టు కాదు. పాఠం చెప్పే సారు కూడా మాలాగే చదివి నేర్చుకున్నవారైతే, సైన్సు మాటలు, సోషల్ మాటలు అన్నీ కలిపి ఇప్పటి తమ్ముళ్లు మోసుకుపోయే వినని మాటల మూట మాకంటే పెద్దది.

కాబట్టి సాయంత్రం హాజరు తర్వాత పేపరు చదివే ఆనవాయితీని మళ్లీ మొదలుపెట్టమని వార్డెన్ సారును అడిగాం. మధ్యలో ఎప్పుడో ఆగిపోయిందట. ఒప్పుకున్నారు. చదివేవాడు తప్పు పలికితే చదవడం పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అయ్యాక, తెలిసినవాడు ఆ మాటను ఒకసారి సరిగ్గా పలికితే చాలు. ఎవరికీ తెలియకపోతే ట్యూటర్ ఫోను ఉంది. సీనియర్లు, ఉద్యోగస్తులు, మాలాంటి చుట్టపు చూపుగాళ్లు కూడా ఈ పద్ధతికి లోబడే ఉండాలి.

పలుకుబడి గుర్తులున్న డిక్షనరీలు రెండు ఈ సంచికతో పాటే పంపుతున్నాం. బీరువాలో పెట్టి తాళం వేయకండి, స్టడీ హాల్లో బయటే ఉంచండి. వాటి లోపలి అట్ట మీద పెన్సిల్‌తో ఇరవై మూడు మాటలు రాశాం. మా నలుగురికీ ఇవాళ్టికీ ఎలా పలకాలో అనుమానంగా ఉన్న మాటలవి. సంక్రాంతి సెలవులకు ముందు వస్తాం. ఆ రోజు వంతు ఎవరిదైతే ఆ తమ్ముడు వాటిని పైకి చదివి వినిపించాలి. మేము పిల్లలతో పాటు చాప మీద కూర్చుని వింటాం.